దీపాలు పెట్టాక తిరిగిన రాయి

ఉదయగిరి కొండకి పడమటి వైపున ఒక ఇంటికి దారి ఉండేదంట. జనం నడవడం మానేశాక ఆ దారిలో కంపచెట్లు మొలిచాయి. గొర్రెలు మేపేవాళ్లు పొద్దు వాలకముందే మందను అటునుంచి మళ్లించేసేవాళ్లు. కుక్కలు ఆ మొండిగోడల దాకా పోయి, మొరగకుండానే వెనక్కి వచ్చేసేవంట.

దీపాలు పెట్టే వేళ అయితే చాలు — ఆ ఇంట్లో విసుర్రాయి తిరిగేది.

గింజ లేని ఇల్లు. మనిషి లేని పల్లె. ధాత సంవత్సరం నాటి కరువులో అక్కడివాళ్లు కొందరు చచ్చిపోయారు, మిగిలినవాళ్లు దేశాలు పట్టి పోయారు. కప్పులు కూలిపోయాయి. తలుపులు ఎవరో పీక్కుపోయారు. అయినా ఆ ఒక్క ఇంట్లో రాయి తిరుగుతూనే ఉండేది... గర్‌ర్... గర్‌ర్... అని. ఏం విసురుతుందో, ఎవరికోసం విసురుతుందో పోయి చూసినవాళ్లు లేరు.

ప్రభువు వెలుగులో దెయ్యాలకు చోటు లేదని నమ్మిన మనిషిని నేను. అయినా మా పిల్లలు “మన ఇంటిపేరు కొమ్మి ఎట్టా అయింది? మాల్యాద్రి తాతకి ముందు మనవాళ్లు ఎవరు?” అని అడిగినప్పుడు, చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఈ కథ ఒక్కటే. సంఘంలో మా వంశం మాల్యాద్రి తాత బాప్తీస్మంతో మొదలవుతుంది. అంతకుముందంతా చీకటి. ఆ చీకట్లో వినిపించేది ఈ రాయి చప్పుడే. మా అవ్వ రెబెకమ్మకి వాళ్లత్త శీనమ్మ చెప్పింది. అవ్వ నాకు చెప్పింది. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

కరువు తగ్గి వానలు మళ్లీ మొహం చూపించిన ప్రమాథి సంవత్సరంలో జరిగిందిది.

ఆత్మకూరు దగ్గర పల్లెలో పిచ్చయ్య అని ఒకాయన ఉండేవాడు. శీనమ్మ ఆయన కూతురు. వాళ్ల ఇంటిపేరు పందిటి. పిచ్చయ్య మంచివాడే గానీ అనుమానం మనిషి. పాలు పోస్తే అందులో నీళ్లు కలిపారా అని అడిగేవాడు కాదు. ఏ బావి నీళ్లు కలిపారు అని అడిగేవాడు. తెల్లదొర చేత బాప్తీస్మం తీసుకుని కూడా, నీళ్లలోంచి లేచి, “పూర్తిగా మునిగినానా, మడిమలు ఏమన్నా బయట ఉండినాయా?” అని పక్కవాడిని అడిగాడని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటాం.

ఆ ఇంటికి కరువు చివర్లో మాల్యాద్రి అనే కుర్రవాడు వచ్చి చేరాడు. ఉదయగిరి కొండ కింద పల్లె వాళ్లది. తల్లి ఆదిశేషమ్మ ఒక్కతే ఉండేది. కరువులో ఆమెను ఇంట్లో ఉంచి, సముద్రం వారన కాలవ తవ్వకానికి పోయాడు. గింజలు సంపాదించుకుని తిరిగొచ్చేసరికి పల్లె లేదు. తల్లి విసుర్రాయి మీద తల పెట్టుకుని ప్రాణం విడిచిందని, దారిన పోయేవాళ్లెవరో ఆమెను పూడ్చిపెట్టారని చెప్పారు. ఆ ఇంట్లో అడుగు పెట్టకుండానే వెనక్కి మళ్లాడు. నడిచి నడిచి ఆత్మకూరు దగ్గర ఆగాడు.

పిచ్చయ్య ఎద్దులను చూసుకుంటూ ఆ ఇంట్లో మనిషైపోయాడు. అతనూ బాప్తీస్మం తీసుకున్నాడు. శీనమ్మ, అతను మాట్లాడుకోగా చూసినవాళ్లు లేరు. అతను దొడ్లోకి వస్తే ఆ పిల్ల ఇంట్లోకి పోయే తీరు చూసే పిచ్చయ్య భార్య కనిపెట్టింది. పిల్లవాడు మంచివాడు, ఇచ్చేద్దామంది. పిచ్చయ్య కూడా తల ఊపాడు.

అప్పుడొచ్చింది చిక్కు.

కాలవ పనికి పోయొచ్చిన ఒకడు సంతలో మాల్యాద్రిని చూసి, “ఏరా, పందిటి మాల్యాద్రీ, బతికుండావా?” అని పలకరించాడు. పిచ్చయ్య పక్కనే ఉన్నాడు.

పందిటి... అంటే తన ఇంటిపేరే. ఒకే ఇంటిపేరంటే శీనమ్మకి మాల్యాద్రి అన్న వరస.

మాల్యాద్రి చెప్పుకున్నాడు. తమది కొమ్మివారి ఇల్లని, కాలవ పనిలో మేస్త్రీ పందిటి ఆయనని, ఆ ముఠాలో అందర్నీ మేస్త్రీ ఇంటిపేరుతోనే పిలిచేవాళ్లని. నిజమే కావచ్చు. కానీ పిచ్చయ్య అడిగిన క్షణాన ఆ పిల్లవాడు ఒక గుటక మింగి, ఆ తర్వాత చెప్పాడు. ఆ గుటక పిచ్చయ్య గొంతులో అడ్డం పడింది.

“సొంత ఇంటిపేరు చెప్పేదానికి ఆలోచన ఎందుకు రా?” అన్నాడంట.

అంతేకాదు. పిచ్చయ్య తాతకి ఒక తమ్ముడు ఉండేవాడు. ఆయన పెళ్లాంబిడ్డలతో, గొర్రెలతో ఉదయగిరి వైపు పోయి మళ్లీ రాలేదు. ఈ పిల్లవాడు ఆ కొమ్మ కాదని ఎవరు చెప్పాలి? చెప్పాల్సినవాళ్లంతా కరువులో పోయారు.

పెళ్లి చేసెయ్యమన్నాడు సంఘంలో బోధకుడు. క్రీస్తులో ఇంటిపేర్లు లేవన్నాడు.

“క్రీస్తులో లేవయ్యా, పల్లెలో ఉండాయి,” అన్నాడు పిచ్చయ్య.

మాల్యాద్రి అదివరకు ఆయన్ను మామా అని పిలిచేవాడు. “మామా అనాల్నో చిన్నాయనా అనాల్నో తేలేదాకా నన్ను ఏమీ పిలవబాక,” అన్నాడు ఆయన. మర్రిపాడు నుంచి ఒక రెండో పెళ్లివాడు శీనమ్మను అడుగుతున్నాడు. నెల తిరిగేలోగా ఏదో ఒకటి చెప్పాలి. మాల్యాద్రి పందిటివాడని తేలితే ఆ పిల్లను అటు ఇచ్చేస్తాడు. మాల్యాద్రిని పంపించేస్తాడు. అంతే.

పిచ్చయ్య చెల్లెలు రాఘవమ్మని ఉదయగిరి దగ్గరి పల్లెలోనే ఇచ్చారు. పోయి అక్కడ విచారిద్దామని మాల్యాద్రిని వెంటబెట్టుకుని బయల్దేరాడు. రాఘవమ్మ జబ్బుపడి లేచిందని, నాలుగు రోజులు వండిపెడుతుందని శీనమ్మను కూడా తీసుకెళ్లాడు. చెల్లెలికని పచ్చజొన్నలు ఒక మూట కట్టుకున్నారు. దుత్తలూరు మీదుగా నడక. దారి పొడుగునా మాల్యాద్రి ముందు, శీనమ్మ వెనక, నడుమ పిచ్చయ్య.

రాఘవమ్మ పల్లెలో పిచ్చయ్యకి ఏమీ దొరకలేదు. అక్కడున్నదంతా కరువు తర్వాత వచ్చి గుడిసెలు వేసుకున్నవాళ్లే. కొండ కింద పల్లెవాళ్ల ఇంటిపేర్లేందని అడిగితే, వాళ్లు ఎవరో తెలీదన్నారు. తెలిసింది ఒక్కటే — అక్కడ రాయి తిరుగుతుంది.

దీపాలు పెట్టినాక తిరుగుతుంది.

పిచ్చయ్య తల పైకెత్తాడు. ఎవురింట్లో అన్నాడు. ఒంటరి ముసలమ్మ ఇల్లంట, రాయి మీదే చచ్చిపోయిందంట అన్నారు. మాల్యాద్రి తల దించుకున్నాడు.

ఆ మధ్యాహ్నం పిచ్చయ్య చెల్లెల్ని పక్కకి పిలిచి మాట్లాడాడు. శీనమ్మ పొయ్యి దగ్గర కూర్చుని అంతా విన్నది.

పందిటివారిలో ఒక పట్టింపు ఉంది. దీపం పెట్టాక ఆ ఇంటి ఆడవాళ్లు విసుర్రాయి ముట్టరు. పుట్టిన పిల్లయినా, వచ్చిన కోడలైనా అంతే. ఎన్నడో ఏదో కీడు జరిగిందంట. ఏం జరిగిందో మర్చిపోయారు, మానుకోవడం మాత్రం మర్చిపోలేదు. దొర బాప్తీస్మం ఇచ్చాక కూడా పిచ్చయ్య ఇంట్లో పొద్దు వాలితే విసుర్రాయి మీద చాటను బోర్లించేవాళ్లు.

“దెయ్యం గియ్యం నేను నమ్మను,” అన్నాడు పిచ్చయ్య. “ఈడి మనుషులు బతికే ఉండారు. నాలాంటోడు పోయి ఇంటిపేరు అడగతాడని ఆడ దాక్కోనుండారు.”

“చచ్చిపోయినోళ్లని కూడా అనుమానిస్తావా అన్నా?” అంది రాఘవమ్మ.

“చచ్చినారని ఎవురు చూసినారు?” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “బతికినోళ్లే గానీ, చచ్చినోళ్లే గానీ... దీపాలు పెట్టినాక ఆ రాయి తిరిగితే వాళ్లు పందిటోళ్లు కారు. మన ఆడోళ్లు చచ్చినా ముట్టరు. నా చెవులతో నేను ఇంటే పెళ్లి చేస్తా. తిరగలేదా... రేపు తెల్లారినాక వాడి దోవ వాడిది.”

ఆ సాయంత్రమే పోవాలన్నాడు. మాల్యాద్రిని పిలిచి ఆ షరతు అతనికీ చెప్పాడు.

ఎండ దిగుతుండగా శీనమ్మ పుల్లలేరుకొస్తానని బయటికి పోయింది. కాసేపటికి పిచ్చయ్య చేతికర్ర తీసుకున్నాడు. దివిటీ వెలిగించనివ్వలేదు. వెలుతురు చూస్తే లోపలివాళ్లు జాగర్త పడతారని ఆయన అనుమానం.

మాల్యాద్రి ముందు నడిచాడు. కంప చీరుకుంటున్నా చేతులు అడ్డం పెట్టుకోలేదు.

పల్లె మొదట్లో ఒక పొయ్యి కనిపించింది. దాని మీద కుండ బోర్లించినట్టే ఉంది. ఆ పక్కన గోడ. గోడ వెనక ఇంకో గోడ. ఎక్కడా ఉడత కూడా లేదు. కొండ నీడ ముందు దిగింది, ఆ తర్వాత చీకటి దిగింది. రెండింటికీ తేడా తెలియలేదు.

“ఏ ఇల్లు?” అన్నాడు పిచ్చయ్య గుసగుసగా.

మాల్యాద్రి చెయ్యి చూపించాడు. సగం కప్పు మిగిలిన ఇల్లు. తలుపు లేని వాకిలి... నోరు తెరుచుకున్నట్టు.

ఒక మొండిగోడ చాటున ఇద్దరూ కూర్చున్నారు. దూరంగా రాఘవమ్మ పల్లెలో ఒక దీపం కనిపించింది. తర్వాత ఇంకొకటి.

వేళ అయింది.

ఏమీ లేదు. కీచురాళ్లు కూడా లేవు. పిచ్చయ్యకి తన ఊపిరి తనకే వినిపిస్తోంది. పక్కన మాల్యాద్రి ఊపిరి వినిపించడం లేదు. ఉన్నాడా పోయాడా అని చెయ్యి చాపి ముట్టుకుని చూశాడు.

“ఏది రా...” అనబోయాడు.

గర్‌ర్...

పిచ్చయ్య గోడకి వీపు ఆనించాడు.

గర్‌ర్... గర్‌ర్... టక్కు. గర్‌ర్... గర్‌ర్... టక్కు.

రాయి మీద రాయి. మెల్లగా, ఓపికగా. రాత్రంతా చెయ్యాల్సిన పని ఉన్నట్టు.

“పై రాయి అంచు ఒకచోట విరిగి ఉండాది,” అన్నాడు మాల్యాద్రి. గొంతు పిల్లవాడి గొంతులా అయిపోయింది. “ఆడ టక్కుమంటాది. మా అమ్మ అట్నే ఇసురుద్ది... నేను నిద్రపోయిందాకా.”

లేవబోయాడు. పిచ్చయ్య అతని చెయ్యి పట్టుకుని లాగాడు. లోపలున్నదాన్ని పట్టుకుని ఇంటిపేరు అడుగుతానని కర్ర తెచ్చిన మనిషి, ఆ కర్ర ఎప్పుడు జారిపోయిందో కూడా ఎరగడు.

చప్పుడు మారింది. ఇప్పటిదాకా రాయి మీద రాయి. ఇప్పుడు మధ్యన ఏదో నలుగుతోంది. గింజ పడిన చప్పుడు. వ్యవసాయం చేసేవాడికి ఆ తేడా చెప్పక్కర్లేదు.

గింజ లేని ఇంట్లో... గింజ ఎక్కడిది?

ఆ ఆలోచన తెగకముందే —

రాయి ఆగిపోయింది.

పిచ్చయ్య ఊపిరి బిగబట్టాడు. ఎందుకు ఆగినట్టు? తమ అలికిడి విన్నారా? లేకపోతే... లోపల ఉన్నది పందిటి ఆడదే అయి, ఆకలికో మతిమరుపుకో రాయి పట్టుకుని, మన ఇంట దీపం పెట్టినాక ముట్టకూడదు గదా అని గుర్తొచ్చి ఆపిందా?

ఆ నిశ్శబ్దం ఎంతసేపు ఉందో ఆయన ఎన్నడూ చెప్పలేకపోయాడు. మాల్యాద్రి చెయ్యి తన చేతిలో చల్లబడడం మాత్రం గుర్తుందన్నాడు. రాయి తిరగకపోతే తనకేమవుతుందో ఆ పిల్లవాడికి తెలుసు.

గర్‌ర్...

తిరిగింది. ఈసారి గట్టిగా. తొందర తొందరగా. ఎవరో తరుముతున్నట్టు.

మాల్యాద్రి తల ఎత్తి వాకిలి వైపు చూశాడు. ఏదో అనబోయాడు. అనలేదు. ఆ తర్వాత కూడా ఎన్నడూ అనలేదు.

పిచ్చయ్య లేచాడు. చొక్కా లేని ఆ పిల్లవాడి భుజం మీద చెయ్యి వేశాడు.

“పద, అల్లుడా,” అన్నాడు.

ఇల్లు చేరేసరికి శీనమ్మ పొయ్యి ముందు కూర్చుని ఊదుతోంది. మొహం నిండా చెమట. పుల్లలు పచ్చివి, అంటుకోవడం లేదని చెప్పింది. పిచ్చయ్య ఆ పుల్లల వైపు చూశాడు. ఎండు పుల్లలే. కూర్చుని సంగటి తిన్నాడు.

అనుమానం మనిషి గదా, నిద్ర పడుతుందా? తెల్లవారుతుండగా ఒక్కడే మళ్లీ ఆ ఇంటికి పోయాడు. వెలుతురులో లోపలికి అడుగు పెట్టాడు. విసుర్రాయి ఉంది. అంచు విరిగే ఉంది. చుట్టూ పిండి రాలి ఉంది... తాజా పిండి. ఒక చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు. వేలికంటింది చూశాడు. పచ్చగా ఉంది.

పచ్చజొన్న పిండి.

తిరిగొచ్చి వసారాలో తను మోసుకొచ్చిన మూట దగ్గర కాసేపు నిలబడ్డాడు. శీనమ్మ వాకిలి చిమ్ముతోంది. చీపురు ఎడమచేత్తో పట్టుకుని ఉంది.

“ఆ చెయ్యి చూపించు పాపా,” అన్నాడు.

చూపించింది. కుడి అరచేతిలో బొబ్బ.

“నిన్న అత్తకి జొన్నలు ఇసిరినా నాయనా,” అంది తల ఎత్తకుండా. “పగలే.”

“నేనే ఇసరమన్నా,” అంది లోపలినుంచి రాఘవమ్మ. “పొద్దు ఇంకా పైనే ఉండాది అప్పుడు.”

చెల్లెల్ని చూశాడు. కూతుర్ని చూశాడు. పాలలో నీళ్లు ఏ బావివి అని అడిగే మనిషి... ఆ రోజు అడగలేదు.

“ఆముదం రాసుకో,” అన్నాడు. “పెళ్లినాటికి మానాల.”

పెళ్లి సంఘంలో జరిగింది. పేరు చదివేటప్పుడు కొమ్మి మాల్యాద్రి అని పిచ్చయ్యే గట్టిగా పలికాడంట. అప్పటినుంచి మేం కొమ్మివారం. ఆ ఇంట్లో రాయి మళ్లీ తిరిగిందని ఎవరూ చెప్పలేదు. కొన్నేళ్లకి ఆ దారిన గొర్రెలు కూడా నడిచాయి.

ఇది పెద్దలందరికీ తెలిసిన కథ. పిండి సంగతి, బొబ్బ సంగతి విన్నవాళ్లు నవ్వి, దెయ్యం శీనమ్మే అని తేల్చేసేవాళ్లు. మా అవ్వ రెబెకమ్మ కూడా అట్లాగే అనుకుంది, చాలా ఏళ్లు.

పిచ్చయ్య పోయాడు, మాల్యాద్రి పోయాడు. శీనమ్మకి చూపు మందగించింది. ఒక సాయంత్రం ప్రార్థన అయ్యాక కోడలు కాళ్లు ఒత్తుతూ, ఆ మాటే తీసి నవ్వింది. ధైర్యం చేసి భలే విసిరావులే అత్తా, అంది.

శీనమ్మ నవ్వలేదు.

“దెయ్యాన్ని నమ్ముకోని కూకుంటే పెళ్లి అవుద్దా అని జొన్నలు ఒళ్లో కట్టుకోని పోయినా,” అంది. “వాగులో అడ్డదోవన పోయి, దీపాలు పెట్టిందాకా ఆడ్నే దాక్కోని, ఎనక పక్కనుంచి దూరినా. నేను పొయ్యేతలికే... అది తిరగతా ఉండాది.”

అవ్వ చేతులు ఆగిపోయాయి.

“ఎవరు లోపల?”

“చీకటి. నాయన వాళ్లు అప్పటికే ముందర గోడ చాటున కూకోనుండారు, ఎనక్కి పోయేదానికి లేదు. ఎదురుగా కూకోని పిడి మీద చెయ్యి ఏసినా. కొయ్య తగల్లేదు రెబెకా. చెయ్యి తగిలింది.”

భయం వెయ్యలేదా అని అవ్వ అడిగిందంట.

“ఏసింది. నేను చెయ్యి తీస్తే రాయి ఆగిపోద్దేమోనని అంతకన్నా భయమేసింది. జొన్నలు పోసినా. ఆ చెయ్యి ఎంత ఆత్రంగా లాగిందని... అన్నాళ్లూ వట్టి రాయే తిప్పింది గదా.”

బయట చీకటి పడింది. అవ్వ లేచి దీపం వెలిగిద్దామనుకుంది, లేవలేకపోయింది.

“అంతటితో ఊరుకోవాల్సింది,” అంది శీనమ్మ. “ఊరుకోలేకపోయినా. అందరూ మా నాయనది అనుమానం అంటారు. నేనూ పిచ్చయ్య బిడ్డనే గదా. వొంగి, నోట్లో నోట్లోనే అడిగినా... అత్తా, మీరు మా పందిటోళ్లు కారు గదా, అని.”

“ఏమంది?”

“ఏమీ అన్లేదు. రాయి ఆగిపోయింది. నా చెయ్యి కింద నుంచి ఆ చెయ్యి... మెల్లంగా తీసేసుకునింది.”

అవ్వకి తన మొగుడు, తన బిడ్డలు, ఆ ఇంటిపేరుతో పుట్టిన వాళ్లందరూ ఒక్కసారి కళ్ల ముందు తిరిగారు.

“మళ్లీ తిరిగింది గదా అత్తా. బయట మామ విన్నాడు గదా. పిచ్చయ్య తాత విన్నాడు గదా.”

శీనమ్మ తన అరచెయ్యి తడుముకుంది.

“తిరిగింది,” అంది. “నేను తిప్పినా.”